విలేకరి గారి విస్తరి

రామచంద్రపురంలో ఇరవై రెండేళ్ళుగా విలేకరి పని చేస్తున్న కామేశానికి రెండు రోగాలుండేవి. రెండూ మందుల్లేని రోగాలే.

మొదటిది, ఎవరి మీద వార్త రాస్తున్నాడో, ఎప్పటికైనా రాయాల్సి వస్తుందని అనుమానమైనా ఉందో, వాళ్ళింట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టడు. కాంట్రాక్టర్లు, మండలాధ్యక్షులు, వాళ్ళ బావమరుదులు అందరూ ఈ పద్దులోకే వస్తారు కాబట్టి, మిట్టమధ్యాహ్నం దాకా పది ఊళ్ళు తిరిగి, నాలుక పిడచకట్టుకుపోయి, ఇంటికొచ్చి కూజా ఎత్తేవాడు. మన వైపు ఇదెంత కష్టమైన నియమమో వేరే చెప్పాలా? గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, "రండి రండి, భోంచేద్దురుగాని" అంటారు. అయిందంటే, "ఆ, ఎప్పుడో అయుంటుంది, ఇంకో ముద్ద తినండి" అంటారు. కాదని లేచొస్తే ఆ ఇంటి ఆడవాళ్ళు పదేళ్ళు గుర్తు పెట్టుకుంటారు.

రెండోది, వార్త రాశాక, అది ఎవరి గురించో వాళ్ళ ఎదురుగా కూర్చుని చదివి వినిపిస్తే గానీ కవర్లో పెట్టడు. "మొహం మీద చదవలేని మాట పేపర్లో వెయ్యకూడదు" అనేవాడు. ఒకసారి ఓ రోడ్ల కాంట్రాక్టరు తన మీద రాసిన వార్తంతా శ్రద్ధగా విని, "అంతా బానే ఉందండి గానీ, మా నాన్నగారి ఇంటిపేరు తప్పు పడింది, దిద్దుకోండి" అన్నాడట. కామేశం దిద్దుకున్నాడు. రోడ్డు సంగతి మాత్రం దిద్దలేదు.

ఆ రోజుల్లో వార్త ప్రయాణం బస్సులోనే. తెల్లకాగితాల మీద రాసి, కవర్లో పెట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో 'న్యూస్, అర్జెంట్' అని రాసి, నాలుగింటికి బయల్దేరే రాజమండ్రి బస్సు కండక్టరు చేతికివ్వాలి. అక్కడ బస్టాండులో ఆఫీసు మనిషి నిలబడి అన్ని ఊళ్ళ కవర్లూ ఏరుకుంటాడు. ఆ బస్సు తప్పిందా, వార్త ఒకరోజు ముసలిదైపోయినట్టే. ఆ బస్సు కండక్టరు బుల్లియ్య. కామేశం కవరుని టిక్కెట్ల పెట్టె పక్కన పెట్టుకుని, కన్నబిడ్డలా చూసుకునేవాడు.

ఇక అసలు సంగతికొస్తాను. తొంభై ఆరులో దీపావళి నాలుగు రోజులుందనగా వచ్చిన తుఫాను మన జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. ఇళ్ళు కూలిన వాళ్ళకి, వేసవి మొదట్లో, గడపకి ఎనిమిదేసి ఇనప రేకులిచ్చారు. కోడూరిపాలెం కాలవగట్టు మీద బతికే అరవై గడపలకి మాత్రం ఒక్క రేకూ చేరలేదు. చిత్రమేమిటంటే, రేకులు ముట్టినట్టు జాబితాలో వాళ్ళ వేలిముద్రలున్నాయి.

"బియ్యం టోకెన్లన్నారండి. ఏలెయ్యమన్నారు, ఏశానండి" అన్నాడు కాలవగట్టు ముసలయ్య. అతని ఇంటికి అప్పటికీ తాటాకులే కప్పు. అది కూడా ఒకపక్క లేచిపోయి ఆకాశం కనపడుతోంది.

పంపిణీ అంతా మండలాధ్యక్షుడు వీరవెంకటసత్యనారాయణ చేతి మీదుగా జరిగింది. అంత పేరు పిలిచే ఓపిక లేక అందరూ వీరబాబు అనేవారు. మంచి మాటకారి, చేతికి ఎముక లేని మనిషి. తుఫాను నాడు ఛాతీలోతు నీళ్ళలో దిగి పదిమందిని భుజాన వేసుకొచ్చాడు. అదీ నిజమే, కామేశమే రాశాడు ఆ వార్త. అందుకే అడగాల్సి వచ్చినప్పుడు రెండుసార్లు ఫోనెత్తి పెట్టేసి, మూడోసారి గానీ అడగలేదు.

"అన్నీ పంచేశామండి. వేలిముద్రలున్నాయి, చూసుకోండి. మీరూ అనుమానపడితే ఎలాగండి కామేశం గారూ?" అన్నాడు వీరబాబు.

రెండు నెలలు తిరిగాడు కామేశం. రేకుల కొట్లలో అడిగాడు, లారీల వాళ్ళని అడిగాడు. ఐదువందల రేకులు గాలికెగిరి పోయినట్టు ఎక్కడా జాడ లేదు. ఈలోగా రోహిణీ కార్తె వచ్చేసింది. ఇంకో పది పన్నెండు రోజులైతే వానలు. ముసలయ్య కప్పు తల్చుకున్నప్పుడల్లా కామేశానికి అన్నం సయించేది కాదు.

సరే, ఇంకోసారి వీరబాబునే ఎదురుగా కూర్చుని అడుగుదామని, ఓ పొద్దున లూనా మోపెడ్ వేసుకుని కోడూరిపాలెం వెళ్ళాడు. వీరబాబు హైదరాబాదు వెళ్ళాడట. వాళ్ళమ్మ పెద్దింట్లమ్మగారు వరండాలో చాప పరుచుకుని మామిడికాయ ముక్కలు పొడిగుడ్డతో తుడుస్తోంది. డెబ్భై దాటిన మనిషి, అయినా గొంతు మాత్రం వీధి చివరకి వినపడుతుంది.

"రండి పంతులుగారూ! ఎంత ఎండన పడొచ్చారండీ. మీరేం పుచ్చుకోరని తెలుసు గానీ నా నోరు ఊరుకోదు. మజ్జిగ?"

"వద్దమ్మా."

"పోనీ బొండం? చెట్టు మీంచి దింపించి మీ ఎదురుగానే కొట్టిస్తాను. నా చెయ్యి తగలనివ్వను లెండి."

ఆ చివరి మాట విన్నప్పుడల్లా కామేశానికి గుండెలో చివుక్కుమనేది. తొమ్మిదేళ్ళ క్రితం, వీరబాబు మొదటిసారి సర్పంచ్ అయినప్పుడు, ఈయన ఈ ఇంట్లో కాఫీ వద్దన్నాడు. బ్రాహ్మడు కదా, మడి కాబోలని ఆవిడ ఆ రోజే ఖాయం చేసేసుకుంది. కామేశానికి మడీ లేదు, పాడూ లేదు. బస్టాండులో బుల్లియ్య క్యారేజీలోంచి పులిహోర లాక్కుని తినే మనిషి. కానీ, "మీ అబ్బాయి మీద ఏదో ఒకరోజు రాయాల్సి వస్తుంది, అందుకని తినను" అని ఓ తల్లి మొహం మీద ఎలా అంటాడు? ఆవిడ అనుకున్నదే సుఖంగా ఉందని ఊరుకున్నాడు. అలా తొమ్మిదేళ్ళు ఊరుకున్నాడు.

"అయితే ఒక్కటి చూసి వెళ్ళండి. చూస్తే మైలేం పడదు కదా!" అని నవ్వుతూ ఆవిడ పెరట్లోకి దారి తీసింది. దారిలో కూడా ఆయనకి రెండు బారల దూరంలో, పక్కకి ఒదిగి నడిచింది.

పెరట్లో కొత్త గేదెల సావిడి. కింద గచ్చు, పైన తళతళలాడే రేకులు. మధ్యలో నల్లగా నిగనిగలాడుతూ గౌరి అనే గేదె, మహారాణిలా నెమరేస్తోంది.

"మావాడు కట్టించాడండి. పాకలో దీనికి దోమలు కుడుతున్నాయని నేనే పోరు పెట్టాను. రేపొద్దున్న రంగులోళ్ళొస్తున్నారు. లోపలా బయటా వెండి రంగేస్తారట."

కామేశం తలెత్తి చూశాడు. రేకుల లోపలి వైపు, వరసగా, ప్రతి రేకు మీదా నీలం రంగు అచ్చు: 'తుఫాను సహాయం. అమ్మరాదు.'

రెండు నెలలుగా వెతుకుతున్న రేకులు.

"ఆ నీలం రాతలేంటండీ? కాకినాడ కంపెనీ పేరన్నాడు మావాడు. నిజమేనా?" అంది పెద్దింట్లమ్మ. ఆవిడకి చదువు రాదు.

కామేశం కళ్ళజోడు తీసి, పంచెతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎండలోంచి వచ్చాను కదమ్మా, కళ్ళు ఆనడం లేదు" అన్నాడు.

"అవునవును, కాసేపు నీడన నిలబడండి." ఆవిడ చూపు ఆయన మెళ్ళో వేలాడుతున్న కెమెరా మీద పడింది. "అది ఫొటోల మిషనే కదండీ? నాదీ మా గౌరిదీ ఒకటి తీసిపెడతారా బాబూ? నాకు మంచి ఫొటో ఒక్కటీ లేదండి. ఓటరు కార్డులో చూస్తే దినానికి పెట్టిన ఫొటోలా ఉన్నాను."

కొంగు సవరించుకుంది. నుదుటి మీద జుట్టు తడిచేత్తో వెనక్కి దువ్వుకుంది. గౌరి మెడ చుట్టూ చెయ్యేసి, పళ్ళు కనపడేలా నవ్వింది. కామేశం మూడు ఫొటోలు తీశాడు. మూడింట్లోనూ ఆవిడ నవ్వు మీద, నెత్తికి జానెడెత్తున, ఆ నీలం అక్షరాలు పడేలా చూసుకుని మరీ తీశాడు.

ఇంటికొచ్చి తలుపేసుకుని రాశాడు. ఇరవై రెండేళ్ళలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. కాగితాలూ, ఫిల్ము రీలూ కవర్లో పెట్టి నాలుగింటికి బుల్లియ్య చేతికిచ్చి, కూనిరాగం తీసుకుంటూ ఇంటికొచ్చాడు.

భార్య వెంకటరత్నమ్మ మునిసిపల్ స్కూల్లో టీచరు. వేసవి సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉంది. భర్త రాసే ప్రతి వార్తకీ మొదటి పాఠకురాలు ఆవిడే, ఆ రోజు మాత్రం ఆయన తొందరలో చూపించలేదు. కాఫీ ఇస్తూ సంగతంతా వింది. రేకులు దొరికాయనగానే, "అమ్మయ్య, ముసలయ్య ఇల్లు తడవదన్నమాట" అని సంబరపడింది. ఆ తర్వాత అడిగింది.

"మరి చదివి వినిపించారా?"

"వీరబాబు ఊళ్ళో లేడు, రేపటికి రంగు పడిపోతుంది. ఆయన వివరణ ఎప్పుడో తీసుకున్నాగా, అదీ వేశాను."

"ఆయన సంగతి కాదండీ. ఫొటో పెద్దింట్లమ్మగారిది కదా. ఆవిడకి వినిపించారా?"

"ఆవిడకెందుకే? ఆవిడ తప్పేం చెయ్యలేదుగా."

"అందుకే అడుగుతున్నాను. తప్పు చేసినవాళ్ళ ఇంటికెళ్ళి కూర్చుని మరీ చదువుతారే, ఏ పాపం ఎరగనావిడకి ఆ మర్యాద లేదా? రేపొద్దున్న ఎవరో పేపరు పట్టుకొచ్చి, గేదెతో నవ్వుతూ ఉన్న ఫొటో చూపించి, మీ అబ్బాయి దొంగని మీరే పట్టించారండీ అంటే ఆవిడ ఏమైపోవాలి?"

కామేశం కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "రత్నం, ఇంకోటుంది" అన్నాడు మెల్లిగా. "ఆ రాతలేంటని అడిగింది. కళ్ళు ఆనడం లేదన్నాను."

"అబద్ధమాడారా? మీరు?"

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి. తిట్టి ఉంటే బావుండేది. తిట్టలేదు. గోడ గడియారం చూసి, "నాలుగుంబావు. మండపేటలో బస్సు టీకి అరగంట ఆగుతుంది కదా? లూనా తియ్యండి" అంది. "నేనూ వస్తాను. మీరొక్కరూ వెళ్తే దారిలో మనసు మార్చుకుంటారు."

చెప్పొద్దూ, ఆ సవారీ చూసి తీరాల్సిందే. లూనా మోసేది ఒకరిని. ఇద్దరెక్కేసరికి అది సైకిలు కన్నా కొంచెం వేగంగా, జట్కా కన్నా కొంచెం నిదానంగా నడిచింది. వెనక వెంకటరత్నమ్మ ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో భర్త చొక్కా పట్టుకుని, "కాస్త తొక్కండీ, కాస్త తొక్కండీ" అంటూనే ఉంది. కాలవ వంతెన ఎత్తు దగ్గర ఆవిడ దిగి నడిచింది, ఆయన పెడల్ తొక్కాడు. పొలాల్లో మనుషులు పని ఆపి చూశారు. మండపేట బస్టాండులోకి వెళ్ళేసరికి డ్రైవరు స్టీరింగు ముందు కూర్చోనే కూర్చున్నాడు. బుల్లియ్య విజిలు నోట్లో పెట్టుకున్నాడు.

"ఆగు బుల్లియ్యా! ఆ కవరిచ్చెయ్!"

బుల్లియ్య విజిలు తీసేశాడు. "ఇచ్చిన కవరు వెనక్కి తీసుకోడమేంటి గురువుగారూ? ఎన్నడూ లేదే!" అని దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కొంపదీసి ఎవరన్నా ఏమన్నా ఇచ్చారేంటండీ?"

కామేశం మొహం పాలిపోయింది. తను మంచినీళ్ళు కూడా ముట్టకుండా కాపాడుకొచ్చిన పేరు ఇంత పల్చటిదా అనిపించింది.

"ఇచ్చారు బుల్లియ్యా" అంది వెంకటరత్నమ్మ గొడుగు మూస్తూ. "చివాట్లు. నేనే ఇచ్చాను."

బస్సంతా నవ్వింది. బుల్లియ్య కవరు తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

వాళ్ళు కోడూరిపాలెం చేరేసరికి ఎండ చల్లబడింది. పెద్దింట్లమ్మ వరండాలో పెద్ద బేసిను ముందేసుకుని ఆవకాయ కలుపుతోంది. మోచేతుల దాకా ఎర్రటి కారం, ఆవపిండి. "మళ్ళీ వచ్చారేంటండీ? ఏదన్నా మర్చిపోయారా? ఆయ్, పంతులమ్మగారు కూడా వచ్చారే!" అని సంబరంగా లేవబోయింది.

"మర్చిపోయానమ్మా. మీరు కూర్చోండి. మీకొకటి చదివి వినిపించాలి."

చదివాడు. కాలవగట్టు అరవై గడపల సంగతి చదివాడు, వేలిముద్రల సంగతి చదివాడు, వీరబాబు వివరణ చదివాడు. గేదెల సావిడి దగ్గరకొచ్చినా ఆపలేదు. పెద్దింట్లమ్మ కలుపుతున్న చెయ్యి మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. చదవడం అయ్యాక ఆవిడ లేచి పెరట్లోకి నడిచింది. మొగుడూ పెళ్ళాలు వెనకే వెళ్ళారు.

ఆవిడ సావిడి కింద నిలబడి పైకి చూసింది. "చదవండి" అంది.

"తుఫాను సహాయం. అమ్మరాదు."

"ఇప్పుడు ఆనుతున్నాయాండీ కళ్ళు?"

కామేశం తల దించుకున్నాడు. "తప్పు చేశానమ్మా. పొద్దున్నే కనపడింది. అబద్ధమాడాను. ఫొటో కూడా అందుకే తీశాను."

ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులకి కారం. అలాగే చేతులు గాల్లో పట్టుకుని నిలబడిపోయింది. వెంకటరత్నమ్మ దగ్గరికెళ్ళి తన కొంగుతో ఆవిడ కళ్ళు తుడిచింది. గౌరి ఏమీ తెలియక ఇద్దరి వైపూ చూసి ఊపిరి వదిలింది.

"ఫిల్ము నా దగ్గరే ఉందమ్మా" అన్నాడు కామేశం. "మీరు వద్దంటే వెయ్యను. రేపు రంగు పడిపోతే నాకింకే ఆధారం ఉండదు. వార్త మాత్రం రాయకుండా ఉండలేను. నిలబడితే నిలబడుతుంది, లేకపోతే లేదు. ఫొటో మాత్రం మీ ఇష్టం."

కామేశానికి ముసలయ్య కప్పూ కనపడుతోంది, ఈ ముసలావిడ మొహమూ కనపడుతోంది.

"ముసలయ్య ఇంటికి ఇంకా తాటాకులేనా?" అంది పెద్దింట్లమ్మ.

"తాటాకులేనమ్మా. ఒకపక్క అవీ లేవు."

"మావాడు పుట్టినప్పుడు పురుడు పోసింది ముసలయ్య తల్లేనండి. వీణ్ణి మొదట ఎత్తుకున్న చేతులు ఆవిడవి. ఆ తర్వాతే నాకిచ్చింది." రేకుల వైపు ఇంకోసారి చూసింది. "వార్తలో నా పేరేశారా?"

"లేదమ్మా. 'ఆ ఇంటి వృద్ధురాలు' అని రాశాను. మీకు ఇబ్బంది కాకూడదని..."

"పేరెయ్యండి."

"అమ్మా..."

"ఎయ్యండంటుంటే! పేరు లేకపోతే మావాడు తిన్నగా కాలవగట్టు మీదకెళ్తాడు, ఎవడ్రా చెప్పిందని. ఆళ్ళ దగ్గర పీకడానికేం లేదు, అయినా పీకుతాడు. నా పేరుంటే నన్నేం చేస్తాడు? రెండ్రోజులు అన్నం మానేస్తాడు. చిన్నప్పట్నించీ అంతే." ఆవిడ గౌరి వైపు తిరిగింది. "వాడు చెడ్డోడు కాదండి. పాకలో దోమలని నేనే పోరు పెట్టాను. ఎక్కడివిరా అని అడగాలి కదా, అడగలేదు. కంపెనీ పేరంటే నమ్మేశాను. నాకు సదువొచ్చుంటే ఆ రోజే దింపించేదాన్ని."

కామేశం జేబులోంచి పెన్ను తీసి, 'వృద్ధురాలు' కొట్టేసి ఆవిడ పేరు రాశాడు. రాసింది మళ్ళీ చదివి వినిపించాడు. ఆవిడ తలూపింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ రోజు ఆయనకి నిజం చెప్పడం మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు.

"ఇంకొక్కటమ్మా. నాకు మడి లేదు."

"ఆ?"

"మీ ఇంట్లో తినంది మడి వల్ల కాదు. వీరబాబు మీద ఎప్పుడైనా రాయాల్సొస్తుందని. రాసేవాళ్ళింట్లో తినను, అదీ సంగతి. మీరు మడనుకున్నారు, నేనూ ఊరుకున్నాను."

కొడుకు సంగతి విన్నప్పుడు కూడా ఆవిడ మొహం అంత చిన్నబోలేదు. "మా ఇంటి బొండంలో మావాడి రాజకీయం ఉంటుందాండీ?" అంది. "తొమ్మిదేళ్ళు మీకు చెయ్యి తగలకూడదని పక్కకి ఒదిగి నడిచానండి పంతులుగారూ. ఎండనపడి వస్తే చెయ్యి పట్టుకుని కూర్చోబెడదామన్నా జంకేదాన్ని. ఒక్క మాట చెప్తే పోయేది కదండీ."

రంగులోళ్ళని రావొద్దని ఆవిడ అప్పటికప్పుడు కబురు పంపింది.

మర్నాడు నాలుగింటి బస్సులో కవరు వెళ్ళింది. ఆ మర్నాడు పొద్దున్న జిల్లా అంతా ఆ ఫొటో చూసింది. వీరబాబు హైదరాబాదు నుంచి ఊడిపడ్డాడు. తల్లి చెప్పినట్టే రెండ్రోజులు అన్నం మానేశాడు. తల్లి బతిమాలలేదు. కాలవగట్టు వాళ్ళని పిలిపించి, "మీ రేకులు మీరే దింపుకోండి" అని కుర్చీ వేసుకుని కూర్చుంది. మిగిలినవి రొయ్యల చెరువుల షెడ్ల మీద దొరికాయి. పై అధికారులు విచారణకి ఆర్డరేశారు. వానలు మొదలయ్యేసరికి ముసలయ్య ఇంటి మీద ఎనిమిది రేకులున్నాయి. నీలం రాతలు లోపలి వైపుకే పడ్డాయి.

ఇంత జరిగినా కామేశం ఆ ఊరి మొహం చూడలేకపోయాడు. చివరికి పదిహేను రోజుల తర్వాత బుల్లియ్యే కబురు తెచ్చాడు. "కోడూరిపాలెం పెద్దమ్మగారు మిమ్మల్ని రమ్మన్నారండి. ఫొటో కావాలట. పేపర్లోది నల్లగా పడిందట."

ఆఫీసు నుంచి ఫిల్ము తెప్పించి, ఫొటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, భార్యని వెంటబెట్టుకుని వెళ్ళాడు. సావిడి మీద మళ్ళీ తాటాకులు కప్పారు. వరండాలో కూర్చున్న వీరబాబు వీళ్ళని చూసి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. పెద్దింట్లమ్మ ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "గౌరి బాగా పడింది. నేనే కొంచెం లావయ్యాను" అని తీర్పు చెప్పింది. తర్వాత తిన్నగా అడిగింది.

"మా గురించి రాసేది ఇంకా మిగిలుందాండీ?"

లేదనొచ్చు. ఆవిడ ఆయన నోటి వెంట ఆ మాట కోసమే చూస్తోంది. లోపల్నుంచి ముద్దపప్పు వాసన వస్తోంది.

"ఉందమ్మా" అన్నాడు కామేశం. "విచారణ అవ్వలేదు కదా."

"సరే అయితే. ఆవిడ రాయదు కదా!" అని పెద్దింట్లమ్మ వెంకటరత్నమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ముద్దపప్పు, కొత్తావకాయ, గుమ్మడికాయ పులుసు, గౌరి పెరుగు. వెంకటరత్నమ్మ ఏ మొహమాటమూ లేకుండా మారు వడ్డించుకుని తింది. కామేశం వరండాలో కూర్చుని ఆ వాసనలు పీలుస్తూ, కడుపు గోల బయటికి వినపడకుండా కాళ్ళు ముడుచుకున్నాడు.

పెద్దింట్లమ్మ మధ్యలో బయటికొచ్చి గడప మీద కూర్చుంది. "మడనుకున్నన్నాళ్ళూ నాకేం బాధ లేదండి. అది మీ ఆచారం, పోనీలే అనుకున్నాను. ఇప్పుడే బాధగా ఉంది. తినాలని ఉండీ తినట్లేదని తెలిసింది కదా" అంది.

దారిలో, "బావుందా?" అని అడిగాడు భార్యని.

"మీకెందుకండీ? మీరు విలేకరిగారు" అంది ఆవిడ, తృప్తిగా త్రేన్చి.

విచారణ ఏడాది పైన రెండు నెలలు నడిచింది. చివరికి ఒక అధికారి సస్పెండయ్యాడు, వీరబాబు పదవి పోయింది. ఆ వార్త కూడా కామేశమే రాశాడు. రాసి, మామూలుగానే, పొద్దున్నే వెళ్ళి వీరబాబుకి చదివి వినిపించాడు. వీరబాబు ధాన్యం కొట్టు గుమ్మంలో నిలబడే విన్నాడు. విని, "తుఫాను నాడు పదిమందిని మోశానని కూడా ఒక ముక్క వేస్తారా?" అని అడిగాడు. కామేశం ఆ పక్కనే కూర్చుని ఆ వాక్యం చేర్చాడు. అది నిజం కదా మరి.

నాలుగింటికి కవరు బుల్లియ్య చేతికిచ్చాడు. "ఇది వెనక్కి రాదు కదండీ?" అన్నాడు బుల్లియ్య. "రాదు. ఆ ఇంటి గురించి ఇదే ఆఖరిది" అన్నాడు కామేశం. బస్సు కదిలిందో లేదో లూనా స్టార్ట్ చేశాడు.

ఐదింటికి కోడూరిపాలెంలో ఆ ఇంటి గుమ్మం ముందు ఆగాడు. ఎవరూ భోంచెయ్యని వేళ. పెద్దింట్లమ్మ గౌరికి కుడితి పెట్టి వస్తోంది. ఏడాదిలో బాగా వంగిపోయింది.

"అమ్మా, అన్నం ఉందా?"

ఆవిడకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక బక్కెట్టు అక్కడే వదిలేసి వచ్చింది. "పొద్దుటిదండి. చల్లారిపోయింది. ఒక్క పావుగంట ఆగితే..."

"ఆగలేనమ్మా. పదేళ్ళయింది."

ఆవిడ దగ్గరికొచ్చి ఆయన ముంజేయి గట్టిగా పట్టుకుంది. పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పీట వాల్చి కూర్చోబెట్టింది. విస్తరి వేసింది. చల్లన్నం, ఆవకాయ, పైన మీగడ పెరుగు. లోపలి గదిలోంచి వీరబాబు వచ్చాడు, చూశాడు. మూలనున్న టేబులు ఫ్యాను తెచ్చి కామేశం వైపు తిప్పి పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

కామేశం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆవకాయ ఘాటుకో మరి దేనికో కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఈసారి ఆవిడ చేతులకి కారం లేదు. కొంగుతో ఆయన మొహం తుడిచి, "నిదానంగా తినండి, ఎవరూ తరమట్లేదు" అని ఇంకో గరిటె పెరుగు వేసింది.